పైచేనులో వేరుశనగ మానేసి శాశ్వత గడ్డి వేయవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఐదెకరాల ఎర్రనేల, సొంతమే, అంతా వర్షాధారం. కిందనున్న మూడున్నర ఎకరాల్లో వేరుశనగ ఏదో ఒక మాదిరిగా పండుతోంది. పైనున్న ఎకరన్నర, రాళ్లు కలిసిన గరప నేలలో మాత్రం విత్తనం ఖర్చు కూడా రావడం లేదు. రెండు ఆవులు, ఇరవై గొర్రెలు ఉన్నాయి. ఎండాకాలం వచ్చిందంటే మేత కొనలేకపోతున్నాం. బోరు ఉంది గానీ అరగంట ఆడితే ఆగిపోతుంది. బంధువులు సూపర్ నేపియర్ వేయమంటున్నారు, ఇంకొకరు స్టైలో అంటున్నారు. ఐదెకరాలూ గడ్డికే మార్చేస్తే ఎలా ఉంటుంది? మార్చాక బాధపడకుండా ముందే తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

సమాధానం: ఐదెకరాలూ మార్చకండి. కింది మూడున్నర ఎకరాలను అలాగే ఉంచండి. పై ఎకరన్నర గడ్డికి తగిన నేలలాగే కనిపిస్తోంది. అయినా దాన్నీ ఒక్కసారిగా మార్చేయకుండా మూడేళ్లు పట్టీలుగా వేసి, వేరుశనగ పక్కనే గడ్డిని పెంచి చూడండి. ఏ పరిశోధన కేంద్రం లెక్కా మీ గరప నేల గురించి మీ చేను చెప్పినంత ఖచ్చితంగా చెప్పలేదు. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ పరీక్ష ఎలా పెట్టాలన్న దాని మీదే రాస్తున్నాం.

ముందు మేత లెక్క చూద్దాం. 350 కిలోల ఆవు రోజుకు ఎండు పదార్థం (నీరు పోగా మిగిలే తూకం) లెక్కన సుమారు 8–9 కిలోలు తింటుంది. 30 కిలోల గొర్రెకు కిలో దాకా కావాలి. మీ రెండు ఆవులకూ ఇరవై గొర్రెలకూ కలిపి రోజుకు 37 కిలోలు పడుతుంది. మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా వంద రోజులు అనుకుంటే దాదాపు 3.7 టన్నులు. వర్షాధారంలో కుదురుకున్న అంజన్ గడ్డి, స్టైలో కలిసిన మడి (ఈ రెండింటి గురించీ కింద చెబుతాం), వానలు మామూలుగా పడిన ఏడు, ఎకరాకు ఎండు లెక్కన ఒకటి నుంచి రెండు టన్నులు ఇస్తుందని ఆశించవచ్చు. ఎకరన్నర మొత్తం గడ్డే అయినా 40 నుంచి 80 రోజుల మేత వస్తుంది. ఎండాకాలం కొనే మేతలో సగమో, అంతకు కొంచెం ఎక్కువో తప్పుతుంది గానీ ఏడాది పొడవునా మేత దొరకదు. ఇది తెలిసే దిగండి.

ఇంకో లెక్క చాలామంది మరిచిపోతారు. వేరుశనగ మానేస్తే కాయలతో పాటు కట్టె, అంటే కాయ తీశాక మిగిలే ఎండు చెట్టు కూడా పోతుంది. కాయ రాని ఏడు కూడా చేతికొచ్చేది ఆ కట్టే, అది మంచి మేత. కాబట్టి గడ్డిని కాయ రాబడితో మాత్రమే పోలిస్తే లెక్క తప్పుతుంది. కాయనూ కట్టెనూ కలిపి పోల్చాలి.

సూపర్ నేపియర్ మాట పక్కన పెట్టండి. అది చెడ్డ గడ్డి కాదు, నీళ్లున్న చోట దానంత మేత ఇచ్చేవి తక్కువ. కానీ ఎండాకాలంలో వారం పది రోజులకు ఒక తడి అడుగుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే మీ జిల్లాలో, అదీ గరప నేలలో, తడి లేకుండా వేస్తే మొదటి ఎండాకాలానికే ఎండిపోతుంది. కో-4, కో-5 నేపియర్ రకాలకూ ఇదే మాట. బోరు నీళ్లు అరగంట వస్తే, ఇంటి దగ్గర ఐదారు సెంట్లలో వేసుకోండి, ఈనిన ఆవుకు పచ్చిమేత అవుతుంది.

పైచేనుకు తగినవి రెండు. ఒకటి అంజన్ గడ్డి. లోతుకు వేరు దింపుతుంది, ఎండకు పైన మాడినా కుదురు చావదు, వాన పడితే మళ్లీ చిగురిస్తుంది. కాజ్రి-75, బుందేల్ అంజన్ రకాలు, తమిళనాడు వాళ్ల కో-1 వంటివి ఉన్నాయి. రెండోది స్టైలో హమాటా. పప్పుజాతి మొక్క, తన నత్రజని తానే సంపాదించుకుంటుంది. ఒక్కో మొక్క రెండు మూడేళ్లకు మించి బతక్కపోయినా, రాలిన గింజతో మడిని తానే నిలుపుకుంటుంది. స్టైలో మీ జిల్లాకు కొత్త కాదు. అనంతపురం రైతులు దశాబ్దాలుగా దాన్ని విత్తనం కోసం పండిస్తున్నారు, రాలిన గింజను నేల మీద ఊడ్చి పోగుచేస్తారు. అటువంటి రైతు దగ్గర దొరికే గింజ మీ నేలకు అలవాటు పడినదే కాబట్టి ముందు అక్కడే వెతకండి. దొరక్కపోతే హైదరాబాద్ శివారు మామిడిపల్లిలోని కేంద్ర ప్రభుత్వ పశుగ్రాస కేంద్రాన్నీ, ఝాన్సీలోని పశుగ్రాస పరిశోధన సంస్థనూ అడగవచ్చు. జూన్‌లో వెతికితే దొరకదు, ఫిబ్రవరి, మార్చిల్లోనే మాట్లాడి పెట్టుకోండి.

బలం సంగతికొస్తే, పూతలో కోసిన స్టైలోలో ఎండు లెక్కన 12–15 శాతం మాంసకృత్తులు ఉంటాయి. అంజన్‌లో లేతగా కోస్తే 7–9, గింజ పట్టి ముదిరితే 4–5. వరిగడ్డిలో 3–4 మాత్రమే. అందుకే రెండింటినీ కలిపి వేయడం మంచిదని మా అభిప్రాయం. గొర్రెలు వానాకాలంలో పచ్చి స్టైలోను అంత ఇష్టంగా ముట్టవు, పక్కనున్న గడ్డినే మేస్తాయి. అది చూసి స్టైలో పనికిరాదని తీసేసిన వాళ్లున్నారు. గడ్డి ముదిరిన తర్వాత, ఎండు మేతగా పెట్టినప్పుడు అవే గొర్రెలు బాగా తింటాయి.

ఇక పరీక్ష. చేనులో ఒక పక్క గడ్డి, మరో పక్క వేరుశనగ వేసి పోల్చడం అందరూ చేసే పని. దాంతో ఏమీ తేలదు. మీ చేనుకు వాలు ఉంది. పైన రాయి ఎక్కువ, కిందికి వచ్చేకొద్దీ మన్ను లోతు. పైన గడ్డి, కింద వేరుశనగ వేస్తే మీరు పోల్చేది పంటలను కాదు, నేలలను. అందుకని చేనును వాలుకు అడ్డంగా నాలుగు అంతస్తులుగా విడగొట్టండి. ప్రతి అంతస్తులోనూ మూడు పట్టీలు: ఒకటి వేరుశనగ, ఒకటి స్టైలో మాత్రమే, ఒకటి అంజన్–స్టైలో కలిపి.

కొలతలు ఇలా వేసుకోవచ్చు. చేను వెడల్పు 60 మీటర్లు, వాలు వెంట పొడవు 97 మీటర్లు అనుకుందాం. తొమ్మిది చెక్కల గొర్రు 30 సెంటీమీటర్ల ఎడంతో ఒక పట్టుకు, అంటే ఒకసారి తోలితే, 2.7 మీటర్లు తీస్తుంది. మూడు పట్లు ఒక పట్టీ, అంటే 8.1 మీటర్ల వెడల్పు. మూడు పట్టీలు ఒక అంతస్తు, 24.3 మీటర్లు. నాలుగు అంతస్తులకు 97 మీటర్లు సరిపోతాయి. పట్టీలన్నీ వాలుకు అడ్డంగా సాగాలి. రెండు కొసలా మూడేసి మీటర్లు బీడుగా వదలండి, పట్టీ పొడవు 54 మీటర్లు అవుతుంది. ఏటా వేరుశనగ పట్టీలు దున్నేటప్పుడు ఎద్దులో ట్రాక్టరో మలుపు తిరగడానికి ఈ చోటు కావాలి. అది లేకపోతే మలుపులన్నీ గడ్డి మీదే పడి, కుదుళ్లు కొసల నుంచి చస్తూ వస్తాయి. ఒక్కో పట్టీ దాదాపు 11 సెంట్లు, ఒక్కో రకానికి నాలుగు పట్టీలు కలిపి 43 సెంట్లు. మీ చేను ఆకారం వేరుగా ఉంటే గొర్రు పట్ల లెక్క మాత్రం ఉంచి పొడవు మార్చుకోండి.

ఏ అంతస్తులో ఏ పట్టీ పైన రావాలో మీరు నిర్ణయించకండి. మూడు చీటీలు రాసి, ప్రతి అంతస్తుకూ విడిగా చీటీ తీయండి. మనసులో గడ్డి గెలవాలని ఉంటే మనకు తెలియకుండానే మంచి జాగా దానికి ఇస్తాం. చీటీ ఆ పక్షపాతాన్ని ఆపుతుంది. వచ్చిన వరుసను నోటు పుస్తకంలో పటం గీసి రాసుకోండి, ప్రతి పట్టీ మొదట్లో రంగు వేసిన రాయి పాతండి. మూడో ఏటికి ఏది ఏదో గుర్తుండదు.

వేరుశనగ పట్టీలకు మీరు ఏటా చేసేది చేయండి, అదే విత్తనం, అదే ఎరువు, అన్నే కలుపులు. గడ్డి మీద మోజుతో వేరుశనగను వదిలేసినా, పరీక్ష కదా అని దానికి ఎక్కువ చేసినా ఫలితం అబద్ధమవుతుంది.

గింజ లెక్క: స్టైలో ఎకరాకు 4 కిలోలు, అంజన్ 2 కిలోలు. స్టైలో పట్టీలకు 1.7 కిలోలు, కలిపి వేసే పట్టీలకు అందులో సగం, మొత్తం 2.6 కిలోలు. నాటు పడని చోట మళ్లీ వేయడానికి కలుపుకొని 3.5 కిలోలు తెచ్చుకోండి. అంజన్ ఒకటిన్నర కిలో చాలు.

మే నెలలో మొలక పరీక్ష తప్పకుండా చేయండి. అంజన్ గింజ నూగు కట్టలా ఉంటుంది. చాలా కట్టల్లో లోపల గింజే ఉండదు. ఒక ఇరవై కట్టలను గోటితో నలిపి చూస్తే తెలిసిపోతుంది. పైగా కొత్త గింజ మొలవదు, కోసిన తర్వాత కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది నిల్వ ఉండాలి. విత్తనం ఏ సీజన్‌లో కోసిందో అమ్మేవాళ్లను అడిగి తెలుసుకోండి. తడి గోనెసంచి మడతలో వంద గింజలు పెట్టి పది రోజులు చూడండి. 40 మొలిస్తే పై లెక్క సరిపోతుంది. 20 మాత్రమే మొలిస్తే గింజ రెట్టింపు వేయాలి.

స్టైలో గింజ పెంకు గట్టిది, నీళ్లు లోపలికి పోవు. 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచాలి. థర్మామీటర్ లేకపోతే మూడు లీటర్ల మరిగే నీళ్లకు ఒక లీటరు మామూలు నీళ్లు కలపండి, దాదాపు ఆ వేడి వస్తుంది. గింజను పలుచటి గుడ్డలో వదులుగా మూటకట్టి, ఒకసారికి అరకిలో మించకుండా ముంచండి. నాలుగు నిమిషాలకు తీసి చల్లనీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి, మర్నాడు నీడలో ఆరబెట్టండి. పొయ్యి మీద పెట్టి మరిగిస్తే గింజ ఉడికిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: గింజ మొత్తాన్నీ ఇలా చేయకండి. నాలుగింట ఒక వంతు వేడినీళ్లు తగలకుండా ఉంచి విత్తేటప్పుడు కలపండి. మొదటి వానకు మొలిచినవి బెట్టకు చనిపోయినా, ఈ గట్టి గింజలు తర్వాతి వానలకు మొలుస్తాయి.

వేరు బుడిపెల్లో నత్రజని పట్టే రైజోబియం బాక్టీరియాను కొనాల్సిన పని సాధారణంగా ఉండదు. ఏళ్లుగా వేరుశనగ పండిన నేలలో స్టైలోకు సరిపడే బాక్టీరియా ఉంటుంది. 45 రోజులకు రెండు మూడు మొక్కలను మన్నుతో సహా తవ్వి వేరు చూడండి. బుడిపెలు ఉండి, గోటితో కోస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తే పని జరుగుతున్నట్టే.

ఎరువుల్లో భాస్వరం ముఖ్యం. విత్తే ముందు ఎకరాకు 100 నుంచి 150 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ దుక్కిలో వేయండి, అందులో గంధకం కూడా ఉంటుంది. ఉన్నంత పశువుల ఎరువు పై రెండు అంతస్తులకే కాకుండా నాలుగింటికీ సమంగా చల్లండి, లేదంటే పోలిక చెడుతుంది. స్టైలో ఉన్న పట్టీల్లో యూరియా వేయకండి. అంజన్ ఒక్కసారిగా ఎగబడి స్టైలోను నీడలో చంపేస్తుంది.

విత్తడంలోనే సగం మడులు పాడవుతాయి. వేరుశనగకు అలవాటైన చేతికి గింజను నాలుగైదు సెంటీమీటర్ల లోతున వేయడం సహజం. అంజన్‌కైనా స్టైలోకైనా ఒక సెంటీమీటరు మించకూడదు. అంతకంటే లోతున పడిన గింజ మొలిచినా పైకి రాలేదు. జూన్ చివర, జూలైలో నేల జానెడు లోతు తడిసిన వాన పడ్డాక, దుక్కి మెత్తగా చేసి, గుంటక తోలి చదును చేయండి. గొర్రును నేల గీసీ గీయనట్టు పోనిచ్చి సాళ్లు తీయండి. కిలో గింజకు పది కిలోల తేమ ఇసుక కలిపి చేత్తో సాలులో రాల్చండి. ఇసుక లేకపోతే అంజన్ నూగు గింజ ఒకదానికొకటి అంటుకొని కుప్పలుగా పడుతుంది, గాలికి కొట్టుకుపోతుంది. కలిపి వేసే పట్టీల్లో ఒక సాలు అంజన్, పక్క సాలు స్టైలో, అంటే అంజన్ సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు. విత్తాక ఒక కంపను లాగితే చాలు, పైన పలుచగా మన్ను కప్పుకుంటుంది. విత్తిన రోజే కప్పాలి, లేకపోతే తెల్లారేసరికి చీమలు మోసుకుపోతాయి.

ఎర్రనేలలో వాన పడి ఎండ కాస్తే పైపొర పెంకు కడుతుంది. ఇంత చిన్న మొలక దాన్ని చీల్చుకు రాలేదు. విత్తిన వారం లోపల అలా జరిగితే తేలికైన కంపనే మరోసారి సాలుకు అడ్డంగా లాగండి. కొంత మొలక పోతుంది, అయినా మేలే.

ముప్పై రోజులకు లెక్కించండి. అంజన్ మీటరు సాలుకు మూడు కుదుళ్లు ఉంటే బాగున్నట్టు. ఒకటి కూడా లేకపోతే ఆ చోట తిరిగి నాటాలి. దీనికి ముందుచూపుగా విత్తే రోజే ఇంటి దగ్గర రెండు మూడు చదరపు మీటర్ల నారుమడి పోసి పెట్టుకోండి. నాలుగు నుంచి ఆరు వారాల నారును తర్వాతి మంచి వానలో ఖాళీల్లో రెండేసి మొక్కలు చొప్పున నాటితే మడి నిండుతుంది.

మొదటి ఏడు మీ అసలు శత్రువు కలుపు. 25 రోజులకు ఒకసారి, 50 రోజులకు ఒకసారి కలుపు తీయక తప్పదు. గరిక, తుంగ ఎక్కువున్న చోటును పరీక్షకు ఎంచుకోకపోవడమే మేలు. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయండి. వేరుశనగలో వాడే పెండిమిథాలిన్ కలుపు మందును గడ్డి పట్టీల మీద పడనివ్వకండి, చిన్న గడ్డి గింజను అది మొలకలోనే చంపుతుంది. వేరుశనగ పట్టీకి కొట్టేటప్పుడు గాలి లేని పొద్దున పూట కొట్టండి.

దీనికన్నా పెద్ద ఆపద మందలు. మీ ప్రాంతంలో కాయ పీకాక చేనును ఊరి మందలకు వదిలేయడం ఆనవాయితీ. మొదటి ఏడు గొర్రె ఒక్కరోజు మేసినా మడి పోతుంది. వదులుగా ఉన్న గరప నేలలో లేత కుదురును కొరకదు, వేరుతో సహా పీకేస్తుంది. మీ గొర్రెలైనా అంతే. ఈ కొలతలకు చుట్టూ 314 మీటర్ల కంచె కావాలి. మూడు మీటర్లకు ఒక రాతి కూసం (స్తంభం) చొప్పున 105 కూసాలు. అంత ఖర్చు పెట్టలేకపోతే ముళ్లకంప వేసి, లోపలి వైపు కిత్తనార మొక్కలు నాటండి, మూడో ఏటికి అదే కంచె అవుతుంది. కంచె లోపలి వేరుశనగ పట్టీలు కూడా మందకు వదలడానికి ఉండదని ముందే తెలుసుకోండి. గొర్రెల కాపరులతో, పక్క చేను వాళ్లతో విత్తే ముందే మాట్లాడుకోవాలి. కంచె కన్నా ఆ మాటే ఎక్కువ కాపాడుతుంది. ఎండాకాలంలో నిప్పు భయం కూడా ఉంటుంది కాబట్టి కంచె చుట్టూ రెండు మీటర్లు దున్ని ఉంచండి.

కోత: మొదటి ఏడు ఒక్కసారే కోయండి. విత్తిన 75–90 రోజులకు, స్టైలో పూతకు వచ్చినప్పుడు, నేలకు 10–15 సెంటీమీటర్లు వదిలి కోయాలి. కొడవలితో నేలబారున కోయడం మన చేతికి అలవాటు, స్టైలో అలా కోస్తే చిగురు పుట్టే కణుపులు పోయి మొక్క చస్తుంది. ఆ తర్వాత వదిలేయండి, గింజ రాలనివ్వండి. రెండో ఏటి మడి ఆ రాలిన గింజ మీదే ఆధారపడుతుంది. రెండో ఏటి నుంచి వానను బట్టి రెండు మూడు కోతలు వస్తాయి. చివరి కోత మాత్రం గింజ రాలాకే.

మీ అవసరం ఎండాకాలానిది కనుక అక్టోబర్, నవంబర్ కోతను ఎండబెట్టి దాచుకోవాలి. రెండు మూడు రోజులు మోళ్ల మీదే ఆరనిచ్చి, పొద్దున మంచు తేమ ఉండగానే మోపులు కట్టండి. మధ్యాహ్నం కడితే స్టైలో ఆకంతా చేనులోనే రాలి, ఇంటికి వచ్చేది కాడే. పిడికెడు తీసి మెలిపెడితే పుటుక్కున విరిగితే వామి వేయవచ్చు. ఇంకా వంగుతుంటే లోపల వేడెక్కి బూజు పడుతుంది.

కొలవడం కష్టమేమీ కాదు. వెదురు బద్దలతో 1.2 మీటర్లు, 1 మీటరు ఉండే చట్రం కట్టండి. 1.2 మీటర్ల వైపు సాళ్లకు అడ్డంగా పెడితే సరిగ్గా నాలుగు సాళ్లు, అంటే రెండు అంజన్, రెండు స్టైలో లోపల పడతాయి. మీటరు చట్రం పెడితే ఒకచోట అంజన్ ఎక్కువ, ఒకచోట తక్కువ వచ్చి లెక్క ఊగుతుంది. ప్రతి పట్టీలో అంచుల నుంచి ఒక మీటరు లోపలికి వచ్చి, నాలుగు చోట్ల చట్రం పెట్టండి. ఎక్కడ పెట్టాలో కంటితో ఎంచకండి, పదేసి అడుగులు లెక్కపెట్టి కాలు ఆగిన చోట పెట్టండి. కోసింది తూకం వేసి, అందులో 500 గ్రాములు తీసి ముక్కలు చేసి, తూకం మారకుండా అయ్యేదాకా ఎండబెట్టండి.

నాలుగు చట్రాలలో కలిపి 3.84 కిలోల పచ్చిమేత వచ్చిందనుకోండి. చట్రాల విస్తీర్ణం 4.8 చదరపు మీటర్లు, అంటే చదరపు మీటరుకు 0.8 కిలో. 500 గ్రాములు ఎండి 150 గ్రాములైతే ఎండు పదార్థం 30 శాతం, చదరపు మీటరుకు 0.24 కిలో. ఎకరాకు 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరాకు 971 కిలోల ఎండు మేత. వేరుశనగలో కూడా అదే చట్రంతో కాయ, కట్టె విడివిడిగా ఎండబెట్టి తూయండి. కూలీల సంఖ్య, విత్తనం, ఎరువు, దుక్కి ఖర్చు పట్టీల వారీగా ఏ రోజుకు ఆ రోజే రాయండి. నిటారు గోడలున్న డబ్బా ఒకటి బయట పెట్టి స్కేలుతో వాన కొలిచి రాసుకుంటే, ఏ ఏడు ఏది ఎందుకు గెలిచిందో తర్వాత అర్థమవుతుంది.

మేతకు ధర కట్టేటప్పుడు ఎవరో చెప్పిన ధర వద్దు. అంత మేత మార్చిలో మీరు కొనాల్సి వస్తే ఎంత పెట్టేవారో అదే దాని విలువ. స్టైలో కలిసిన మేతను వేరుశనగ కట్టె ధరకు, ముదిరిన అంజన్‌ను వరిగడ్డి ధరకు కట్టండి. మీ పశువులు తినగలిగిన దానికి మించి పండితే, కొనేవాళ్లు లేకపోతే, ఆ మిగులుకు విలువ లేదు. విత్తనం, కంచె ఖర్చును ఐదేళ్లకు పంచండి.

మొదటి ఏడు గడ్డి తప్పకుండా ఓడిపోతుంది. మొక్క తన బలమంతా వేరులో పెడుతుంది, పైన కనిపించేది తక్కువ. అప్పుడు దున్నేయకండి, ఆ ఏడు లెక్కలో మొలకను మాత్రమే చూడండి. పోలిక రెండో, మూడో ఏళ్లది. ఒక్కో అంతస్తులో గడ్డి పట్టీ, వేరుశనగ పట్టీ మిగులుకు తేడా రాయండి. నాలుగు అంతస్తుల్లోనూ గడ్డే పైచేయి అయి, రెండేళ్లూ అలాగే వస్తే ఫలితాన్ని నమ్మవచ్చు. ఒక ఏడు రెండు అటు, రెండు ఇటు వస్తే అది అదృష్టమే, సగటు ఎంత బాగున్నా నమ్మకండి. పై రెండు అంతస్తుల్లో గడ్డి, కింది రెండింటిలో వేరుశనగ రెండేళ్లూ గెలిస్తే అదే అన్నిటికన్నా పనికొచ్చే సమాధానం. ఎకరన్నర కాదు, పై ముప్పావు ఎకరమే మార్చండి. నేల పరీక్షలో సేంద్రియ కర్బనం పెరిగిందా అని ఏటా డబ్బు ఖర్చు పెట్టొద్దు, ఇటువంటి ఇసుక నేలలో మూడేళ్లకు తేడా కనబడదు. వాన పడినప్పుడు పట్టీ కింది అంచున మన్ను ఎంత కొట్టుకొచ్చిందో చూస్తే చాలు.

ఒక పని విత్తే ముందే చేయండి. రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదు చేసేటప్పుడు ఎంత విస్తీర్ణం వేరుశనగ, ఎంత పశుగ్రాసం అన్నది ఉన్నది ఉన్నట్టు రాయించి, పంట రుణం, బీమా ఏ మేరకు తగ్గుతాయో అడిగి తెలుసుకోండి. ఆ తగ్గుదల కూడా గడ్డి ఖర్చులో రాయాలి.

మూడేళ్ల తర్వాత వేరుశనగే మేలని తేలితే వెనక్కి రావచ్చు. ఎండాకాలంలో లోతు దుక్కి చేసి అంజన్ కుదుళ్లను ఎండకు వేయాలి. నేలలో మిగిలిన స్టైలో గట్టి గింజ మాత్రం తర్వాతి రెండు మూడు ఖరీఫ్‌లలో వేరుశనగ మధ్య మొలుస్తూనే ఉంటుంది. కలుపు తీసేటప్పుడు ఆ మొక్కలను పారేయకుండా ఆవులకు వేయండి.